ట్యూబ్‌తో డిస్క్ ఆపరేషన్: గురి తప్పకుండా ఎలా చేయాలి

స్పైన్ ట్రైనింగ్‌లో ఉన్నవాళ్లు, ఈమధ్యే సొంతంగా కేసులు మొదలుపెట్టినవాళ్లు నన్ను అడిగేది దాదాపు ఒకటే ప్రశ్న. ఓపెన్‌గా చేస్తే అన్నీ ఎదురుగా కనబడతాయి, ట్యూబ్ పెట్టి మైక్రోస్కోప్‌లోంచి చూడగానే ఎక్కడున్నామో అంతు పట్టడం లేదు, గురి కుదరాలంటే ఏం చేయాలి అని. ఒక్కొక్కరికి విడిగా చెప్పే బదులు మొత్తం వరుసగా ఇక్కడ రాస్తున్నాను.

నేను చూసినంతలో, చెయ్యి తిరగక గురి తప్పిన కేసుల కంటే కోతకు ముందు చూసుకోవాల్సినవి చూసుకోక తప్పిన కేసులే ఎక్కువ. ట్యూబ్ వెడల్పు 16 నుంచి 18 మిల్లీమీటర్లే. పైన అర సెంటీమీటరు పక్కకు జరిగితే కింద మీకు లామినా (పూస వెనక ఉండే ఎముక పలక) బదులు ఫేసెట్ కీలు (రెండు పూసలు వెనక కలిసే చిన్న కీలు) దొరుకుతుంది, అది గమనించకుండా డ్రిల్ మొదలుపెడితే రోగికి అక్కర్లేని ఎముక పోతుంది. కాబట్టి ఇక్కడ కొన్ని మెట్ల చివర 'సరిచూసుకోండి' అని రాసినది అలంకారం కోసం కాదు. అది దాటకుండా తర్వాతి మెట్టు ఎక్కొద్దు.

ఇది నడుములో మధ్యకు కాస్త పక్కగా జారిన డిస్క్‌ని వెనక నుంచి, రెండు లామినాల మధ్య సందులోంచి తీసే పద్ధతి. ఎండోస్కోప్ గురించి చివర్లో కొంచెం చెప్తాను. చదివేసి ఒంటరిగా మొదలుపెట్టడానికి రాసింది కాదు. సీనియర్ పక్కన ఉండగా, మోడల్ మీదో శవం మీదో ట్యూబ్‌లో చెయ్యి ఆడించడం అలవాటైన తర్వాత వాడుకోండి.

ఏమేం కావాలి

- ఈమధ్య తీసిన ఎంఆర్ఐ. ఆరు నెలలు దాటినా, తీసిన తర్వాత నొప్పి తీరు మారినా మళ్లీ తీయించండి.
- నిలబెట్టి తీసిన నడుము ఎక్స్‌రే, ముందు నుంచీ పక్క నుంచీ. ఎంఆర్ఐ ఉందిగా అని దీన్ని వదిలేస్తుంటారు, వదలొద్దు.
- సి-ఆర్మ్ (ఆపరేషన్ గదిలోనే ఎక్స్‌రే చూపించే యంత్రం), దాన్ని తిప్పడం బాగా తెలిసిన టెక్నీషియన్.
- కడుపు కింద ఖాళీ ఉండేలా పడుకోబెట్టే ఫ్రేమ్, లేదంటే పొడవాటి దిండ్లు.
- వరస డైలేటర్లు (కండరాన్ని మెల్లగా తెరిచే గొట్టాలు), 16 నుంచి 18 మి.మీ. ట్యూబ్‌లు అన్ని పొడవుల్లో, వాటిని టేబుల్‌కు బిగించే చెయ్యి.
- మైక్రోస్కోప్.
- మెడ వంగిన పొడుగు పనిముట్లు: డ్రిల్, కెరిసన్ పంచ్‌లు (ఎముకను కొరికి తీసేవి), బాల్ ప్రోబ్, నర్వ్ హుక్, రూట్ రిట్రాక్టర్, పిట్యూటరీ ఫోర్సెప్స్, బైపోలార్ (కరెంటుతో రక్తం ఆపేది).
- దారం ఉన్న ప్యాటీలు (చిన్న దూది ముక్కలు), రక్తం ఆపే జిలాటిన్ స్పాంజి, ఫైబ్రిన్ జిగురు.
- లెడ్ ఏప్రాన్, థైరాయిడ్ గార్డ్, లెడ్ కళ్లద్దాలు.

1. రోగి కాలు చెప్పేదీ ఎంఆర్ఐ చెప్పేదీ ఒకటేనా?

ఎంఆర్ఐలో డిస్క్ జారినట్టు కనిపించడం ఆపరేషన్‌కు కారణం కాదు. ఏ నొప్పీ లేనివాళ్లలో కూడా అలా కనబడుతుంది. ముందు కాలి దగ్గరికి వెళ్లండి. (ఎల్ అంటే నడుము పూసలు, ఎస్ అంటే వాటి కింది త్రికం, రూట్ అంటే వెన్ను కాలువ నుంచి కాలికి వెళ్లే నరం మొదలు.) బొటనవేలు పైకెత్తలేక, పాదం పైభాగం తిమ్మిరిగా ఉంటే ఎల్5 రూట్. మునివేళ్ల మీద లేవలేక, పాదం బయటి అంచు మొద్దుబారి, మడమ దగ్గర రిఫ్లెక్స్ తగ్గితే ఎస్1. మోకాలి రిఫ్లెక్స్ తగ్గి, పిక్క లోపలి వైపు తిమ్మిరి ఉంటే ఎల్4.

ఇప్పుడు ఎంఆర్ఐ. ఎల్4-5 దగ్గర మధ్యకు పక్కగా జారిన డిస్క్ కిందికి దిగే ఎల్5 రూట్‌ని నొక్కుతుంది, అదే డిస్క్ బాగా బయటి వైపు జారితే అక్కడ బయటికి వెళ్లే ఎల్4 రూట్‌ని నొక్కుతుంది. రెండూ ఒకే డిస్క్ అయినా దారులు వేరు. బాగా బయటికి జారిన దానికి మధ్య గీత నుంచి నాలుగు సెంటీమీటర్లో ఇంకా ఎక్కువో దూరం నుంచి వేరే కోణంలో వెళ్లాలి, ఈ వ్యాసంలోని దారిలో వెళ్తే ముక్క దొరకదు.

కాలు ఒకటి చెప్పి ఎంఆర్ఐ ఇంకొకటి చెప్తుంటే ఆగండి. తుంటి కీలు, పిరుదు దగ్గర నరం, షుగర్ వల్ల వచ్చే నరాల జబ్బు, కాలి రక్తనాళాలు చూడండి. అప్పటికీ తేలకపోతే ఒక్క రూట్‌కే మత్తు సూది ఇచ్చి చూడటం మంచి దారి.

చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో మందులతో, నెమ్మదిగా కదలికతో నొప్పి తగ్గుతుంది. తొందర పడాల్సింది మూత్రం ఆగిపోయినా, మలద్వారం చుట్టూ స్పర్శ పోయినా, కాలి బలం రోజురోజుకూ తగ్గుతున్నా. అలాంటప్పుడు వారాలు కాదు, గంటలు లెక్కపెట్టండి.

సరిచూసుకోండి: ఏ లెవెల్ (ఏ రెండు పూసల మధ్య డిస్క్), ఏ వైపు, ఏ రూట్. ఈ మూడూ ఒక్క వాక్యంలో రాయగలగాలి, అదే వాక్యం ఆపరేషన్ గది బోర్డు మీద ఉండాలి.

2. పూసలు లెక్కపెట్టండి

తప్పు లెవెల్‌లో ఆపరేషన్ జరగడానికి పెద్ద కారణం లెక్కే. కొందరికి ఎల్5 త్రికంలో కలిసిపోయి ఉంటుంది, కొందరికి ఎస్1 విడిపోయి ఆరో నడుము పూసలా కనబడుతుంది. రేడియాలజిస్టు ఎంఆర్ఐ చూసి ఒక లెక్కన ఎల్4-5 అని రాస్తారు, మీరు సి-ఆర్మ్ కింద ఇంకో లెక్కన ఎల్4-5 వెతుకుతారు. ఇద్దరి లెక్కా ఎవరికి వారికి సరిగ్గానే ఉంటుంది, కోత మాత్రం తప్పు చోట పడుతుంది.

దీనికి మందు నిలబెట్టి తీసిన ఎక్స్‌రే. చివరి పక్కటెముకలున్న పూస ఏదో చూసి అక్కడి నుంచి కిందికి లెక్కపెట్టండి. అనుమానం మిగిలితే మెడలోని సి2 నుంచి మొత్తం వెన్ను కనిపించే ఎంఆర్ఐ స్కౌట్ (మొదట తీసే పెద్ద బొమ్మ) చూడండి. తుంటి ఎముకల పై అంచులు కలిపే గీత ఎల్4 దగ్గరో ఎల్4-5 దగ్గరో వెళ్తుందన్నది అందాజుకే, దాన్ని నమ్ముకుని లెవెల్ ఖాయం చేయొద్దు.

ఇలా తేడా పూసలున్న రోగిలో పేరు మీద గొడవ పడకుండా నేను వాడే పద్ధతి ఒకటుంది: లెవెల్‌ని పేరుతో కాకుండా ఆకారంతో గుర్తుపెట్టుకోవడం. 'చివరి పూర్తి డిస్క్‌కు పై డిస్క్' అనో, 'ముందు అంచున ఎముక ముల్లు పెరిగిన డిస్క్' అనో. అదే ఆకారం ఎంఆర్ఐలో, ఎక్స్‌రేలో, గదిలోని సి-ఆర్మ్ తెర మీద, మూడు చోట్లా కనబడాలి.

3. ముక్క బొమ్మ చేత్తో గీయండి

ఇది చాలామంది చేయరు, చేసినవాళ్లకు తేడా వెంటనే తెలుస్తుంది. ఒక కాగితం మీద రెండు పెడికల్స్ (పూస ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపే ఎముక స్తంభాలు), మధ్యలో డిస్క్, పక్కన దిగే రూట్ గీసి, పక్క నుంచి తీసిన బొమ్మలూ అడ్డంగా తీసిన బొమ్మలూ ఒక్కొక్కటీ చూస్తూ ముక్కని అందులో పెట్టండి. డిస్క్ ఎత్తులోనే ఉందా, పైకి ఎక్కిందా, కిందికి జారిందా? రూట్‌కు బయటి వైపు భుజం దగ్గర ఉందా, లోపలి వైపు చంకలో ఉందా?

చంకలో ఉన్న ముక్క మీద నుంచి రూట్‌ని బలంగా మధ్యకు లాగితే నరం నలిగిపోతుంది, డ్యూరా (నరాలను కప్పి ఉంచే పొర) చిరుగుతుంది. అక్కడ ముందు ముక్కని కొంచెం తీసి నరానికి జాగా ఇవ్వాలి, తర్వాతే కదపాలి. ఈ సంగతి ఆపరేషన్ ముందు రోజు తెలియాలి కానీ ట్యూబ్‌లో తెలియకూడదు.

ముక్క పైకి ఎక్కి ఉంటే పై లామినా ఇంకొంచెం ఎక్కువ తీయాలి, కిందికి జారి ఉంటే ట్యూబ్‌ని కాళ్ల వైపు వంచాలి. ఎంఆర్ఐలో చర్మం నుంచి లామినా దాకా లోతు కూడా కొలిచి రాసుకోండి, ట్యూబ్ పొడవు ఎంచుకోవడానికి పనికొస్తుంది.

4. పడుకోబెట్టడం

బోర్లా పడుకోబెట్టాక కడుపు కింద చెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సులువుగా కదలాలి. కడుపు నొక్కుకుంటే ఆ ఒత్తిడి నేరుగా వెన్ను కాలువలోని సిరల్లోకి పోతుంది, ట్యూబ్‌లో రక్తం ఊరుతూనే ఉంటుంది, ఏమీ కనబడదు. రక్తం కారుతోందని బైపోలార్ పట్టుకుని కుస్తీ పట్టేముందు ఒకసారి కడుపు చూసి రండి, సగం సార్లు జవాబు అక్కడే ఉంటుంది.

నడుము కాస్త ముందుకు వంగేలా ఉంచితే లామినాల మధ్య సందు తెరుచుకుంటుంది. కళ్ల మీద ఒత్తిడి లేకుండా, మోచేతుల కింద మెత్తగా, భుజాలు 90 డిగ్రీలు దాటకుండా చూసుకోండి.

5. సి-ఆర్మ్, సూది

ముందు నిజమైన బొమ్మ తెప్పించండి. ఎదుటి బొమ్మలో స్పైనస్ ప్రాసెస్ (పూస వెనక పొడుచుకొచ్చే ముల్లు) రెండు పెడికల్స్‌కూ సరిగ్గా మధ్యలో ఉండాలి. పక్క బొమ్మలో ఎండ్‌ప్లేట్‌లు (డిస్క్‌ని ఆనుకున్న పూస అంచులు) రెండు గీతలుగా కాకుండా ఒకే గీతగా, పూసల వెనక గోడ కూడా ఒకే గీతగా కనబడాలి. వంకర బొమ్మ మీద పెట్టిన గుర్తు వంకరగానే ఉంటుంది. బొమ్మ కుదరడానికి రెండు నిమిషాలు పడితే పట్టనివ్వండి.

రెండోది, గుర్తు పెట్టే పనిముట్టు తెర మధ్యలో ఉండాలి. అంచున ఉంటే కిరణాలు ఏటవాలుగా రావడం వల్ల ఉన్న చోటు కంటే పక్కకు కనబడుతుంది. చూపు తప్పిన లెవెల్స్‌లో కొన్ని ఇలా వచ్చినవే.

సన్నటి వెన్ను సూదిని మధ్య గీతకు ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల పక్కన గుచ్చి ఎముక తగిలే దాకా దించండి. రెండు లామినాల సందులోకి గురిపెట్టొద్దు, ఫేసెట్ వైపు ఉంచండి. లేకపోతే కోత పెట్టకముందే డ్యూరాకు చిల్లు పడుతుంది. పక్క బొమ్మలో సూది దారి నేరుగా మీ డిస్క్‌లోకి సాగాలి.

ఎల్5-ఎస్1 దగ్గర ప్రత్యేకం: డిస్క్ ముందుకు వెళ్లేకొద్దీ కాళ్ల వైపు వాలి ఉంటుంది. అంటే ఆ వాలును వెనక్కి సాగదీస్తే అది చర్మాన్ని తల వైపు జరిగి తాకుతుంది, కోత అక్కడ పడాలి. సందుకు నేరుగా పైన కోత పెట్టి ట్యూబ్ నిలువుగా దించితే, వాలుగా తవ్విన బావిలోకి నిలువుగా తొంగి చూసినట్టు గోడే కనబడుతుంది.

రేడియేషన్ మాట. వరసగా ఫ్లోరో (ఆగకుండా వచ్చే ఎక్స్‌రే) నొక్కి ఉంచకుండా ఒక్కో ఫొటో తీయించండి. దూరం రెట్టింపు చేస్తే మీకు తగిలే మోతాదు నాలుగో వంతుకు పడిపోతుంది, కాబట్టి ఫొటో తీసే క్షణంలో రెండడుగులు వెనక్కి వేయడం ఏప్రాన్‌కు తోడుగా మంచి రక్షణ. పక్క బొమ్మ తీసేటప్పుడు ఎక్స్‌రే ట్యూబ్ ఉన్న వైపు కాకుండా బొమ్మ పట్టే డిటెక్టర్ వైపు నిలబడండి.

సరిచూసుకోండి: సూది ఉన్న ఫొటోని సేవ్ చేయించి, గదిలో ఇంకొకరితో లెవెల్ పైకి చెప్పించండి. మీరు చెప్పి వాళ్లతో ఊ కొట్టించడం కాదు, మీరు చెప్పకముందే వాళ్లే లెక్కపెట్టి చెప్పాలి.

6. డైలేటర్లు, ట్యూబ్

ట్యూబ్ వెడల్పు కంటే ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువగా కోత పెట్టండి. చిన్నగా పెడితే చర్మం అంచు నలిగి మానడం ఆలస్యమవుతుంది, పేరుకు చిన్న కోత తప్ప లాభం లేదు. పైపొరనూ దాని కింది ఫేషియానూ (కండరం మీది గట్టి పొర) కూడా కోయండి, ఫేషియా కోయకపోతే డైలేటర్ దాని మీద జారి మధ్య వైపు పోతుంది.

సన్నటి తీగ మీదుగా డైలేటర్లు దించాలని పాత పద్ధతిలో చెప్తారు. నా సలహా, తీగ వదిలేయండి. అది సందులోంచి కాలువలోకి పోయే ప్రమాదం ఉంది. మొదటి డైలేటర్‌నే నేరుగా దించి, దాని మొనతో ఎముకను తడిమి చూడండి. లామినా కింది అంచు గట్టిగా తగిలి, కొంచెం కాళ్ల వైపు జరిపితే మొన మెత్తటి చోటికి దిగబోతుంది. అక్కడే ఆగి వెనక్కి ఎముక మీదికి రండి. బయటి వైపు జరిపితే ఫేసెట్ గుండ్రంగా పైకి లేస్తుంది. ఈ రెండూ చేతికి తెలిసిన తర్వాత, లామినా ఫేసెట్‌తో కలిసే మూల మీద మొన పెట్టి, ముందుకీ వెనక్కీ చిన్నగా ఊపుతూ కండరాన్ని ఎముక నుంచి తప్పించండి. ఈ ఊపడం సరిగ్గా చేస్తే ట్యూబ్ అడుగున కండరం అంతగా ఉండదు.

ట్యూబ్ పొడవు విషయంలో ఇటీవలే మొదలుపెట్టినవాళ్లు తరచూ పొరబడతారు. పొడుగ్గా ఉంటే ట్యూబ్ చర్మం కంటే పైకి పొడుచుకొచ్చి పనిముట్ల కోణం తగ్గుతుంది, పొట్టిగా ఉంటే కండరం పక్కల నుంచి లోపలికి పాకుతుంది. డైలేటర్ మీద గుర్తు చూసి కొలవండి, కిందికి నొక్కి పట్టుకుని టేబుల్‌కున్న చెయ్యి బిగించండి, బిగించిన తర్వాత వదిలి చూస్తే ట్యూబ్ లేవకూడదు.

సరిచూసుకోండి: ట్యూబ్ బిగించాక రెండు వైపుల నుంచీ ఫొటో. పక్క బొమ్మలో ట్యూబ్ డిస్క్‌కు సమాంతరంగా, ఎదుటి బొమ్మలో అడుగు భాగం లామినా మీద.

7. ఎముక తీయడం

కండరం శుభ్రం చేసి లామినా కింది అంచు చూసేదాకా డ్రిల్ ముట్టుకోవద్దు. అంచు కనబడకపోతే ఎక్కడున్నారో మీకు తెలియనట్టే. ట్యూబ్‌ని కదిపి, ఫొటో తీసి, అంచు తెచ్చుకోండి.

ఎల్5-ఎస్1 దగ్గర సందు వెడల్పు, ఎముక కొంచెమే తీయాల్సి రావచ్చు, కొన్నిసార్లు అసలే అక్కర్లేదు. పైకి వెళ్లేకొద్దీ డిస్క్ లామినా చాటుకు పోతుంది, ఎక్కువ తీయాలి. బయటి వైపు పార్స్ (పై, కింది ఫేసెట్‌ల మధ్య ఉండే సన్నటి ఎముక) దగ్గర దాదాపు ఒక సెంటీమీటరు ఎముక మిగలాలి, ఫేసెట్‌లో సగం కంటే ఎక్కువ పోకూడదు. పై లెవెల్స్‌లో లామినా సన్నగా ఉంటుంది, మిగిలింది ఎంతో డ్రిల్ ఆపి ప్రోబ్‌తో కొలిచి చూడండి. ఈ హద్దు దాటితే కాలి నొప్పి పోయి నడుము నొప్పి పట్టుకుంటుంది, కొందరికి తర్వాత స్క్రూలు వేయాల్సి వస్తుంది.

ఎముక పని అయ్యేదాకా ఫ్లేవమ్‌ని (లామినాలను కలిపే పసుపు లిగమెంట్) ముట్టుకోవద్దు, అది డ్యూరాకు కవచం.

8. ఫ్లేవమ్, రూట్

లామినా కింద ఫ్లేవమ్ అతుక్కున్న పై చివర దాకా ఎముక తీస్తే అది తనంతట తానే వదులవుతుంది. దాని కింద బాల్ ప్రోబ్ పోనిచ్చి, అటూ ఇటూ తిప్పి, ఏదీ అతుక్కోలేదని తెలిసిన తర్వాతే కెరిసన్ పెట్టండి. ప్రతి కాటుకూ పంచ్ మూసి, బయటికి లాగేముందు చిన్నగా కదిపి చూడండి, దాంతో పాటు ఏదైనా కదిలితే వదిలేయండి.

ఇక రూట్. చాలామంది తెల్లగా మెరుస్తూ ఉబ్బినది కనబడగానే డిస్క్ అనుకుంటారు. ఆగి, పెద్దగా చేసి చూడండి. ముక్క పైకి నెట్టడం వల్ల రూట్ బల్లపరుపుగా పరుచుకుని అచ్చం డిస్క్ పొరలా కనబడుతుంది, కానీ దాని మీద సన్నటి ఎర్ర నాళాలు పొడవునా, తల నుంచి కాళ్ల వైపు పరిగెత్తుతుంటాయి. డిస్క్ పొర మీద అలా ఉండవు. ఆ నాళాలు కనబడుతుంటే మీరు ఇంకా నరం మీదే ఉన్నారు. బయటి వైపు వెళ్లండి, కింది పెడికల్ లోపలి గోడ ప్రోబ్‌కి తగిలే దాకా. పెడికల్‌కు లోపలి వైపు ఆనుకుని దిగేదే మీ రూట్, దాని బయటి అంచు కచ్చితంగా కనబడిన తర్వాతే మధ్యకు జరపండి. ఆ అంచు కనబడకుండా ఏ కోతా పెట్టొద్దు. మొత్తం ఆపరేషన్‌లో ఒక్క నియమమే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి.

అంచు దొరకడం లేదంటే పక్క దారి ఎముక ఇంకొంచెం తీయాలి, నరాన్ని ఇంకొంచెం లాగడం కాదు. రూట్ మామూలు కంటే లావుగా ఉండి అస్సలు కదలకపోతే రెండు రూట్‌లు కలిసి పుట్టి ఉండొచ్చు, ఎంఆర్ఐ మళ్లీ తెర మీదికి తెప్పించండి. లాగినప్పుడల్లా మధ్యమధ్యలో రిట్రాక్టర్ వదిలి నరానికి ఊపిరి ఇవ్వండి.

సిరల రక్తానికి బైపోలార్ తక్కువ పవర్‌లో, నీళ్లు పోస్తూ వాడండి. చాలాసార్లు జిలాటిన్ స్పాంజి, దాని మీద ప్యాటీ, ఒక నిమిషం ఓపిక చాలు. ప్యాటీల దారాలు ట్యూబ్ బయట కనబడుతూ ఉండాలి.

9. ముక్క తీయడం

కోతకు ముందు ప్రోబ్‌ని డిస్క్ దగ్గర పెట్టి ఇంకో ఫొటో తీయండి. ఇది అతిజాగ్రత్త అనిపించొచ్చు, కానీ ట్యూబ్ ఎన్నోసార్లు కదిలి ఉంటుంది. విడిపోయిన ముక్క బయటే ఉంటే దాన్ని నెమ్మదిగా, ఊపుతూ, ఒకే ముక్కగా రానివ్వండి. చివర తెగిపోతే లోపల మిగిలింది వెతుక్కోవాలి.

డిస్క్ లోపలికి వెళ్లాలా వద్దా అన్నది ఎప్పుడూ ఉండే చర్చ. నేను వదులుగా ఉన్నవి మాత్రమే తీస్తాను. పొరలో రంధ్రం ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది, రంధ్రం పెద్దదైన రోగుల్లో మళ్లీ జారే అవకాశం ఎక్కువ. వదులుగా ఏముందో తెలియాలంటే డిస్క్‌లోకి ఒత్తిడితో నీళ్లు కొట్టండి, విడిపోయినవి బయటికి తేలుతాయి.

లోపలికి వెళ్లాల్సి వస్తే లోతు హద్దు తప్పనిసరి. పెద్దవాళ్లలో డిస్క్ ముందు నుంచి వెనక్కి సుమారు మూడున్నర సెంటీమీటర్లు. ముందు గోడ అవతలే మహాధమని, దాని కొమ్మలు, పెద్ద సిరలు. ఫోర్సెప్స్ మీద మూడు సెంటీమీటర్ల దగ్గర స్టెరైల్ టేప్ చుట్టించండి, ఆ గుర్తు పొర అంచు దాటొద్దు. నాళం తెగితే రక్తం ట్యూబ్‌లోకి రాకపోవచ్చు, అది కడుపులోకి పోతుంది. కారణం లేకుండా బీపీ పడిపోయి గుండె వేగం పెరిగిందని మత్తు డాక్టర్ అంటే అదే మొదటి గుర్తు అనుకోండి. వెల్లకిలా తిప్పి, నాళాల సర్జన్‌ని పిలిచి, కడుపు తెరవడమే దారి. ఆలోచించడానికి సమయం ఉండదు, అందుకే ఎవరిని పిలవాలో ముందే తెలిసి ఉండాలి.

డ్యూరా చిరిగితే టెన్షన్ పడి సక్షన్ నేరుగా దాని మీద పెట్టొద్దు, నరాల పోగులు లోపలికి లాగేస్తుంది. ప్యాటీ కప్పి, ముందు చేయాల్సిన పని ముగించండి. చిన్న చిరుగుకు కొవ్వు ముక్క, ఫైబ్రిన్ జిగురు సరిపోతాయి. పెద్దదైతే కుట్టాలి, ట్యూబ్‌లో కుట్టలేకపోతే కోత పెద్దది చేయడానికి మొహమాట పడొద్దు. తర్వాత మత్తు డాక్టర్‌ని ఊపిరి బిగబట్టించమని అడిగి నీరు కారడం లేదని చూడండి.

10. బయటికి వచ్చే ముందు

ఇక్కడ తొందరపడితే ఇంతవరకూ పడ్డ కష్టం వృథా. నాలుగు చూడండి.

ముక్క పరిమాణం. తీసినవన్నీ గాజుగుడ్డ మీద పేర్చి మీరు గీసిన బొమ్మ పక్కన పెట్టండి. ఎంఆర్ఐలో బఠానీ గింజంత ఉండి చేతికి బియ్యపు గింజంత వస్తే మిగిలింది లోపలే ఉంది. పైనా కిందా పెడికల్ వెనక, చంకలో వెతకండి.

రూట్ కదలిక. హుక్‌తో తేలిగ్గా తాకితే దాదాపు సెంటీమీటరు మధ్యకు జరిగి తనంతట తాను వెనక్కి రావాలి.

దారి. బాల్ ప్రోబ్ రూట్ వెంట అది బయటికి వెళ్లే రంధ్రంలోకీ, డ్యూరా కింద మధ్య గీత దాకా అడ్డు లేకుండా వెళ్లాలి. పక్క సందు ఎముక వల్ల ఇరుకుగా ఉంటే డిస్క్ తీసినా నొప్పి పోదు, కింది పూసకు చెందిన పై ఫేసెట్ లోపలి అంచు కొంచెం తీయండి.

రక్తం. నీళ్లు పోసి, అవి తేటగా ఉండే దాకా చూసి, ట్యూబ్‌ని మెల్లగా తీస్తూ కండరం నుంచి కారే చోట్లు ఆపుతూ బయటికి రండి.

నావిగేషన్, ఎండోస్కోప్ వాడితే

నావిగేషన్ (పనిముట్టు ఎక్కడుందో తెర మీద చూపించే వ్యవస్థ) ఉంటే గురి తప్పదన్నది నిజం కాదు. రిఫరెన్స్ ఫ్రేమ్‌కు మోచెయ్యి తగిలినా తెర నమ్మకంగా తప్పు చూపిస్తుంది. ప్రతి మెట్టుకు ముందు పాయింటర్‌ని మీకు తెలిసిన ఎముక గుర్తు మీద పెట్టి తెర మీద కూడా అక్కడే ఉందో లేదో చూడండి, తేడా ఉంటే మళ్లీ స్కాన్. సీటీ స్కాన్ ఆధారంగా నడిచే నావిగేషన్ ఎముకను చూపిస్తుంది, మెత్తటి ముక్కని, నరాన్ని అంత స్పష్టంగా చూపించదు.

పక్క నుంచి, రూట్ బయటికి వచ్చే రంధ్రంలోంచి వెళ్లే ఎండోస్కోప్‌లో గురి అంతా చర్మం మీది మొదటి గుర్తులో ఉంటుంది. అది తరచూ మధ్య గీతకు 10 నుంచి 14 సెం.మీ. దూరంలో పడుతుంది కానీ ఆ అంకెను బట్టీ పట్టొద్దు, ఆ రోగి అడ్డ బొమ్మ మీద పేగు, మూత్రపిండం తప్పించి గీత గీసి కొలవండి. ఎల్5-ఎస్1 దగ్గర తుంటి ఎముక అంచు ఎత్తుగా ఉంటే ఆ దారి వదిలి వెనక సందులోంచి వెళ్లడం మేలు. ఆపరేషన్ చేసే చోటికి మాత్రమే మత్తు ఇచ్చి చేస్తుంటే, కాల్లోకి కరెంటులా కొట్టిందని రోగి అనగానే చెయ్యి ఆగిపోవాలి. నీటి ఒత్తిడి మీద కన్నుంచండి. మెలకువగా ఉన్న రోగి మెడ నొప్పి, తలనొప్పి అంటే ఒత్తిడి తగ్గించాలి, పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా పోవచ్చు.

ఆపరేషన్ తర్వాత సరిచూసుకోవడం

మత్తు దిగగానే మీరే వెళ్లి బొటనవేలు ఎత్తించండి, పాదం కిందికి నొక్కించండి, మలద్వారం చుట్టూ స్పర్శ అడగండి. బాగున్న కాలు కొన్ని గంటల్లో బలహీనమై నొప్పి భరించలేనంతగా పెరుగుతుంటే రక్తం గడ్డ అనుకోండి, వెంటనే ఎంఆర్ఐ.

రోగికి ముందే చెప్పండి: కాలి లాగుడు ముందు తగ్గుతుంది, బలం తర్వాత వస్తుంది, తిమ్మిరి అన్నిటికంటే ఆలస్యంగా, కొన్నిసార్లు నెలలు పడుతుంది. ఈ మాట చెప్పకపోతే తిమ్మిరి మిగిలిన రోగి ఆపరేషన్ ఫెయిల్ అయిందని బెంగపడతారు. నొప్పిని కాలికీ నడుముకీ విడివిడిగా పదికి ఎంతో అడిగి రాసుకోండి, రెండూ కలిపితే ఏది తగ్గిందో తెలియదు.

ఒకటి నుంచి నాలుగు వారాల్లో నడుము నొప్పి తిరగబెట్టి, పక్క మీద కదలలేనంత ఉంటే డిస్క్‌లో ఇన్‌ఫెక్షన్ చూడాలి. సీఆర్‌పీ (ఒంట్లో వాపును చూపించే రక్త పరీక్ష) ఆపరేషన్ తర్వాత రెండు మూడు రోజులకు ఎక్కువై దిగుతుంది, దిగినది మళ్లీ పెరిగితే అనుమానించండి. మంచి విరామం తర్వాత అదే కాలి నొప్పి వస్తే మళ్లీ జారి ఉండొచ్చు, సిరలోకి కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీసిన ఎంఆర్ఐలో మచ్చ కణజాలం వెలుగుతుంది, డిస్క్ ముక్క వెలగదు. మొదటి వారాల్లో తీసిన ఎంఆర్ఐ మాత్రం వాపు వల్ల తికమక పెడుతుంది, రోగి బాగుంటే తీయొద్దు.

మైక్రోస్కోప్ వీడియోలు దాచి, ప్రతి కేసు తర్వాత మూడు విషయాలు రాసిపెట్టుకోండి: ట్యూబ్ బిగించాక ఎన్నిసార్లు కదపాల్సి వచ్చింది, రూట్ అంచు దొరకడానికి ఎంత సమయం పట్టింది, తీసిన ముక్క మీ బొమ్మతో ఎంతవరకు కలిసింది. ట్యూబ్ పదేపదే కదపాల్సి వస్తుంటే అయిదో మెట్టుకు వెళ్లి సూది కోణం సరిచేసుకోండి, రూట్ దగ్గర సమయం పోతుంటే ఏడో మెట్టులో బయటి వైపు ఎముక తక్కువ తీస్తున్నారు, ముక్క కలవకపోతే రేడియాలజిస్టు పక్కన కూర్చుని మూడో మెట్టు మళ్లీ నేర్చుకోండి.